పెళ్లి వీడియో, ఆల్బమ్, శుభలేఖ, ఫ్లెక్సీ: సరిహద్దు జిల్లాల స్టూడియోకి విండోసా, మ్యాకా, లినక్సా?

ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో తెలుగువాళ్లు నడిపే స్టూడియోలకు ఒకే కొట్టులో నాలుగు రకాల పని ఉంటుంది. పెళ్లి వీడియో ఎడిటింగు, ఆల్బమ్ డిజైను, శుభలేఖల డీటీపీ, ఫ్లెక్సీ. దానికి తోడు రెండు లిపులు. పెళ్లికూతురి తరఫు కార్డు తెలుగులో, పెళ్లికొడుకు తరఫుది ఒడియాలో అడిగే పార్టీలు ఇక్కడ మామూలే. పెద్ద నగరాల వాళ్లు రాసే కంప్యూటర్ సమీక్షల్లో ఈ లిపుల గొడవ ఉండదు, కరెంటు గొడవ ఉండదు, సర్వీసు కోసం భువనేశ్వరం గానీ విశాఖ గానీ పోవాల్సిన దూరమూ ఉండదు. అందుకే ఈ సమీక్షను ఇక్కడి కొట్టు పనిని బట్టే రాస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. శుభలేఖలు, ఫ్లెక్సీ చేసే కొట్టుకు ఒక విండోస్ మిషను తప్పదు. వీడియోయే ప్రధానమైన కొట్టుకు, ఎడియస్ అనే ఎడిటింగు ప్రోగ్రామును వదులుకోగలిగితే, ఎం4 మ్యాక్ మినీ చాలా మంచి బేరం. లినక్సు బొమ్మలు గీసేవాళ్లకూ బ్లెండర్‌లో చేసే 3డీ బొమ్మల పనికీ బాగుంటుంది, పెళ్లి వీడియోకు మాత్రం సరిపడదు. ఈ మాటలకు కారణాలు ప్రాసెసర్ వేగంలో కంటే కెమెరా ఇచ్చే ఫైలులో, వాడే ఫాంటులో ఎక్కువ ఉన్నాయి.

కెమెరా ఫైలును బట్టి కంప్యూటరు

కొత్త కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2 రంగుతో, అంటే రంగు వివరాలు ఎక్కువ నిలిపే పద్ధతిలో, రికార్డు చేస్తున్నాయి. రంగు దిద్దేటప్పుడు అది ఎంతో మేలు. బరంపురం పట్టుచీరలో ముదురు ఎరుపూ మెజెంటా కలిసే చోట 8 బిట్ ఫుటేజీ చారలు కడుతుంది, 10 బిట్ నిలబడుతుంది. అయితే ఈ ఫైలును విప్పడం, అంటే డీకోడ్ చెయ్యడం, కంప్యూటరుకు బరువైన పని. దానికి చిప్పులో విడిగా ఒక భాగం ఉండాలి. అది లేకపోతే ఎంత ఖరీదైన మిషనైనా టైమ్‌లైన్ మీద తడబడుతుంది.

ఆ భాగం ఎందులో ఉందో చూద్దాం. ఇంటెల్ 12వ తరం, ఆ తర్వాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో లోపల గ్రాఫిక్స్ ఉన్నవి హెచ్.265 (వీడియోను కుదించి దాచే ఒక పద్ధతి) 10 బిట్ 4:2:2ను నేరుగా విప్పుతాయి. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. ఐ5-12400ఎఫ్ కాస్త చవకగా వస్తుంది కదా అని కొంటే వీడియో పనికి కావలసిన ముక్కనే వదిలేసుకున్నట్టు. ఐ5-12400లో ఉన్న యూహెచ్‌డీ 730లో డీకోడింగ్ ఇంజను ఒకటే, ఐ5-12500 నుంచి పైవాటిలోని యూహెచ్‌డీ 770లో రెండు. మూడు కెమెరాల మల్టీక్యామ్ చేసేవాళ్లకు ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. ఏఎండీ రైజెన్ లోపలి గ్రాఫిక్స్ 4:2:2ను విప్పదు. ఎన్‌విడియాలో 30, 40 సిరీస్ కార్డులూ విప్పవు, 50 సిరీస్ నుంచే ఆ సౌకర్యం వచ్చింది. ఇంకో మెలిక ఉంది. అదే 4:2:2 పాత పద్ధతి హెచ్.264లో ఉంటే ఇంటెల్ కూడా చేతులెత్తేస్తుంది, ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ మాత్రం పట్టుకుంటుంది. కాబట్టి ఇంటెల్ మిషను ఉన్నవాళ్లు కెమెరాలో హెచ్.265 ఎంచుకునే వీలుంటే అదే పెట్టుకోవాలి. యాపిల్ ఎం1 నుంచి వచ్చిన చిప్పులన్నీ హెచ్.265 4:2:2ను సాఫీగా ఆడిస్తాయి.

సరైన ప్రాసెసర్ కొని కూడా టైమ్‌లైన్ ఆగిపోతూ ఉంటే చాలాసార్లు తప్పు బయోస్‌లో, అంటే విండోస్ ఎక్కకముందు తెరుచుకునే అమరికల్లో, దొరుకుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు తగిలించగానే చాలా మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. బయోస్‌లోకి వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్న అమరికను ఎనేబుల్ చేయాలి. విండోస్ ఎక్కాక ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయాలి. ప్రీమియర్ ప్రోలో ప్రిఫరెన్సెస్‌లో మీడియా దగ్గర హార్డ్‌వేర్ డీకోడింగ్ కింద ఇంటెల్, ఎన్‌విడియా రెండింటికీ టిక్ పెట్టి, ప్రోగ్రామును మూసి తెరవాలి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, జీపీయూ మీద నొక్కి, వీడియో డీకోడ్ గ్రాఫు చూస్తూ క్లిప్పు ఆడించండి. గ్రాఫు లేస్తే పని సరిగ్గా జరుగుతోంది. అది సున్నా దగ్గరే పడుకుని సీపీయూ నూటికి చేరితే అమరిక ఇంకా కుదరలేదు.

ఫోన్ ఫుటేజీకి వేరే జబ్బు ఉంది. ఫోన్లు ఫ్రేమ్ రేటును మారుస్తూ రికార్డు చేస్తాయి. మంగళసూత్రం కట్టే వేళ బంధువు తీసిన ఇరవై నిమిషాల క్లిప్పు టైమ్‌లైన్ మీద పెడితే, చివరికొచ్చేసరికి సన్నాయి ఒక దారి, పెదవులు ఒక దారి అవుతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాములో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని 25కు మార్చుకుని వాడితే ఈ చిక్కు పోతుంది. ఇది ఏ కంప్యూటర్ మీదైనా చెయ్యాల్సిందే.

డిస్కు వేగం గురించి అనవసరంగా భయపడేవాళ్లు ఎక్కువ. 4కే 100 మెగాబిట్లలో తీస్తే సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు కలిపి ఆడించినా సెకనుకు 40 ఎంబీ దాటదు. సాటా ఎస్ఎస్‌డీ కూడా దీన్ని హాయిగా మోస్తుంది. పాత తిరిగే హార్డ్‌డిస్కు మాత్రం మూడు ఫైళ్ల మధ్య తల అటూ ఇటూ కదిలించలేక ఆగుతుంది. ఎడిటింగు ఎస్ఎస్‌డీ మీద, పాత పెళ్లిళ్ల నిల్వ హార్డ్‌డిస్కు మీద. ఇంతకు మించిన సూత్రం అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్: ఎడియస్ అలవాటు, రిజాల్వ్ ఆకర్షణ

మన ప్రాంతంలో పెళ్లి ఎడిటర్లలో చాలామంది చేతులు ఎడియస్‌కు అలవాటు పడినవే. రెడీమేడ్ పాటల ప్రాజెక్టులు కొని అందులో ఫోటోలు, క్లిప్పులు మార్చి ఇవ్వడం దీని బలం. అది విండోస్ మీదే నడుస్తుంది. కొట్టు ఆదాయం ఈ ప్రాజెక్టుల మీద ఆధారపడి ఉంటే మ్యాక్ గురించి ఆలోచించడం మానేసి మంచి ఇంటెల్ మిషను కట్టించుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగు ప్రోగ్రాము మా మొదటి సలహా. ఉచిత కూర్పుతోనే అల్ట్రా హెచ్‌డీ 60 ఫ్రేముల దాకా ఎగుమతి చేసుకోవచ్చు, ముద్ర పడదు. డబ్బు పెట్టే స్టూడియో కూర్పు 295 డాలర్లు, ఒక్కసారి కడితే సరి. ఉచిత కూర్పు మూడు సిస్టమ్‌ల మీద మూడు రకాలుగా నడుస్తుంది, కొనేముందు ఇది తెలియాలి. మ్యాక్ మీద హెచ్.264, హెచ్.265 ఫైళ్లను సిస్టమే విప్పి ఇస్తుంది గనక ఉచిత కూర్పు చాలామందికి సరిపోతుంది. విండోస్ మీద ఉచిత కూర్పు 10 బిట్ ఫుటేజీ దగ్గర మొరాయిస్తుంది, కాబట్టి అలాంటి కెమెరా ఉంటే స్టూడియో కూర్పు ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. లినక్సు మీద ఉచిత కూర్పు హెచ్.264, హెచ్.265 ఫైళ్లను తెరవనే తెరవదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో ముందు బొమ్మను డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అనే ఎడిటింగు రూపంలోకి, శబ్దాన్ని పీసీఎం రూపంలోకి మార్చుకోవాలి. అలా మార్చిన 4కే ఫుటేజీ గంటకు 300 జీబీ దాటుతుంది. మూడు కెమెరాల పెళ్లి రాత్రి ఫుటేజీకి ఇది ఎవరూ భరించలేని ఖర్చు. లినక్సు మీద గౌరవం ఎంత ఉన్నా వీడియోకు వద్దనడానికి కారణం ఇదే.

మ్యాక్ మీద ఎగుమతి చేసేటప్పుడు ఒక జాగ్రత్త. రిజాల్వ్‌లో దిద్దిన రంగు క్విక్‌టైమ్ ప్లేయర్‌లో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఫైలు పాడవలేదు, గామాను, అంటే వెలుగునీడల లెక్కను, యాపిల్ చదివే తీరు వేరు. అది చూసి కాంట్రాస్టు పెంచేస్తే టీవీలో మొహాలు నల్లబడతాయి. అసలు తీర్పు పార్టీ ఇంటి టీవీలో చూసి ఇవ్వాలి.

పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేటప్పుడు పాత టీవీలు ఫ్యాట్32 ఫార్మాట్‌ను మాత్రమే చదివితే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. 20 మెగాబిట్లలో ఎగుమతి చేస్తే అది దాదాపు 28 నిమిషాలు. కాబట్టి స్నాతకం, పెళ్లి, అప్పగింతలు విడివిడి ఫైళ్లుగా ఇవ్వడం మేలు.

రెండు లిపుల పని

ఇక్కడే చాలామంది మ్యాక్ కొని ఇబ్బంది పడతారు. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే ప్రతి లిపి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చిన పద్ధతికి, ముందు కాలం నాటివి. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు, ఒడియా బొమ్మలు కూర్చిన ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని మిషనులో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. వాటి కీబోర్డు ప్రోగ్రాములు విండోస్‌వి. దానికి జతగా వాడే పేజ్‌మేకర్‌ను అడోబీ 7వ కూర్పు దగ్గరే ఆపేసింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన శుభలేఖల ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి కనుక ఒక పాత విండోస్ మిషనును నెట్టు కనెక్షన్ తీసేసి అలాగే ఉంచుకోండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు ఆ మిషనుకు నేరుగా తగిలించకండి.

మ్యాక్‌లో పారలల్స్ వేసి విండోస్ నడిపితే సరిపోతుందని దుకాణదారులు చెబుతారు. ఎం సిరీస్ చిప్పు మీద నడిచేది ఆర్మ్ విండోస్. మామూలు ప్రోగ్రాములను అది అనువదించుకుని నడుపుతుంది గానీ పాత డ్రైవర్లను నడపలేదు. డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే లైసెన్సు తాళం) అడిగే సాఫ్ట్‌వేరు అక్కడే ఆగిపోతుంది. ఫ్లెక్సీ మిషనుకు ముద్రణ పంపే రిప్ సాఫ్ట్‌వేర్లదీ ఇదే కథ. అవి విండోస్, డాంగిల్ రెండూ అడుగుతాయి. ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, వచ్చిందంటే బరంపురం ఫ్లెక్సీ కొట్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. అప్పుడు ప్రయోగాలకు చోటు లేదు.

కొత్త కార్డులను మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి, దీన్ని గట్టిగా చెబుతున్నాం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగుకూ ఒడియాకూ అక్షరాల స్థానాలు ఒకటే. 'క' ఏ మీటలో ఉందో ఒడియా 'క' అదే మీటలో ఉంటుంది. ఒక లిపికి చేయి అలవాటైతే రెండోది దాదాపు ఉచితంగా వస్తుంది. విండోస్, మ్యాక్, లినక్సు మూడింటిలోనూ ఇది కొనకుండానే దొరుకుతుంది. ఫాంట్లలో అనెక్ తెలుగు, అనెక్ ఒడియా ఒకే కుటుంబంవి. బలూ తమ్ముడు, బలూ భాయినా కూడా అంతే. ఒకే కార్డు మీద రెండు లిపులు పక్కపక్కన పెట్టినప్పుడు గీత మందం, ఎత్తు కుదురుతాయి. వేరే వేరే చోట్ల నుంచి తెచ్చిన ఫాంట్లతో ఆ పొందిక రాదు. శీర్షికలకు రామభద్ర, సురవరం, తిమ్మన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి 'క్ష' ముక్కలైతే ఫాంటును తిట్టకండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజను అమరిక మీ కూర్పులో ఉంటే దాన్ని వరల్డ్ రెడీకి మార్చండి. పాత కూర్పుల్లో అది మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్న పేరుతో ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో పేరా ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్, ఇలస్ట్రేటర్‌లో అదే మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ అమరికల్లో సౌత్ ఏషియన్ ఇంజను ఉంది. లినక్సులో ఇంక్‌స్కేప్, గింప్‌లకు ఈ తిప్పలేమీ లేవు, అక్షరాలు మొదటి నుంచే సరిగ్గా కూడుకుంటాయి. ప్రెస్సుకు పంపేముందు కోరెల్‌డ్రాలో కంట్రోల్, క్యూ నొక్కి అక్షరాలను కర్వులుగా మార్చి పీడీఎఫ్ చేయండి. మార్చని అసలు ఫైలు మీ దగ్గర విడిగా దాచుకోండి. ముహూర్తం మారిందని పార్టీ మళ్లీ వస్తే దిద్దడానికి అదే ఆధారం.

ఆల్బమ్, ఫ్లెక్సీలకు మెమరీ లెక్క

12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో 3600 బై 10800 పిక్సెల్స్. ఆర్‌జీబీ 8 బిట్‌లో ఒక నిండు లేయరే దాదాపు 117 ఎంబీ. ఇరవై లేయర్లు ఉంటే 2.3 జీబీ, హిస్టరీ అదనం. రెండు షీట్లు, బ్రౌజరు, వాట్సాప్ కలిపి తెరిస్తే 16 జీబీ మెమరీ బొటాబొటిగా సరిపోతుంది. 8 జీబీ మిషను ఈ పనికి కొనవద్దు. పది అడుగులు ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ 72 డీపీఐలో సీఎంవైకేగా పెడితే ఒక లేయరు 239 ఎంబీ. అంత దూరం నుంచి చూసే బ్యానరుకు 300 డీపీఐ పెట్టడం మెమరీని తగలెయ్యడమే.

విండోస్ డెస్క్‌టాప్‌లో మెమరీ తర్వాత పెంచుకోవచ్చు. మ్యాక్‌లో కొన్నప్పుడు ఉన్నదే చివరిదాకా. ఎం4 మ్యాక్ మినీ 16 జీబీ, 256 జీబీ రకం 2024లో 59,900 రూపాయల ధరతో వచ్చింది. అక్కడి నుంచి మెమరీ గానీ స్టోరేజీ గానీ ఒక మెట్టు పెంచితే అప్పట్లో 20,000 కలిసేది. డబ్బు ఒక్క మెట్టుకే ఉంటే మెమరీ మీద పెట్టండి. స్టోరేజీని బయటి ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ) డబ్బాతో పెంచుకోవచ్చు, 10 గిగాబిట్ డబ్బా సెకనుకు దాదాపు 1,000 ఎంబీ ఇస్తుంది. ఈ మినీలో పాత వెడల్పు యూఎస్‌బీ (యూఎస్‌బీ-ఏ) సాకెట్ ఒక్కటీ లేదు. పెన్‌డ్రైవ్‌లకు హబ్బు అదే రోజు కొనాలి. పాత ఇంటెల్ మ్యాక్‌లు చవకగా దొరుకుతున్నాయి, ముట్టుకోకండి. మ్యాక్‌ఓఎస్ 26 వాటికి ఆఖరి కూర్పు.

తెరల విషయంలో ల్యాప్‌టాప్ వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగు పనికి పనికిరాదు. నూరు శాతం ఎస్ఆర్‌జీబీ అని రాసి ఉండాలి. మ్యాక్‌బుక్ ఎయిర్, ప్రో తెరలు ఎస్ఆర్‌జీబీ కంటే విశాలమైన పీ3 రంగుల పరిధివి. ల్యాబుకు పంపే జేపెగ్‌ను ఎస్ఆర్‌జీబీకి మార్చి, ప్రొఫైల్ పొదిగి పంపకపోతే కుంకుమ రంగు చప్పబడి అచ్చవుతుంది. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాను లేదు. మే నెల ఎండల్లో గంటసేపు ఎగుమతి నడిస్తే అది తప్పకుండా నెమ్మదిస్తుంది.

కరెంటు, ఉప్పుగాలి

2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అల్లకల్లోలం చేసింది. తుపాన్ల మాట అలా ఉంచి, మామూలు రోజుల్లోనే కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లు చాలా. ఐ5, ఆర్‌టీఎక్స్ 5060 ఉన్న మిషను ఎగుమతి వేళ 300 వాట్లు దాటగలదు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. మానిటర్ కూడా కలిస్తే సరిగ్గా కరెంటు పోయిన క్షణంలో అది ట్రిప్పవ్వొచ్చు. కనీసం 1 కేవీఏ కొనండి. మ్యాక్ మినీ ఎగుమతి వేళ కూడా సాధారణంగా 50 వాట్ల చుట్టుపక్కలే తింటుంది. అదే 600 వీఏ డబ్బా మీద పని ముగించి ఆపేంత వ్యవధి దొరుకుతుంది. సరిహద్దు ఊళ్లలో మ్యాక్ వైపు మొగ్గడానికి ఇది పెద్ద కారణం.

ఇంటి ఇన్వర్టరు మీదే నడిపేవాళ్లు వెనక ఉన్న మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై) కరెంటు లేకుండా నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లు. మామూలు మోడ్‌లో ఇన్వర్టరు అంతకంటే ఆలస్యంగా మారి, మిషను రీస్టార్టు అవుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి. స్క్వేర్ వేవ్ మీద మంచి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని ఆగిపోతాయి.

బయటి డిస్కులను మ్యాక్‌కూ విండోస్‌కూ పనికొచ్చేలా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయడం అందరూ చేసేదే. ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ (మార్పుల చిట్టా) ఉండదు, రాస్తుండగా కరెంటు పోతే ఫోల్డర్లు మాయం కావచ్చు. దాన్ని మోసుకెళ్లడానికే వాడండి. నిల్వ డిస్కు విండోస్ కొట్టులో ఎన్‌టీఎఫ్ఎస్‌లో, మ్యాక్ కొట్టులో ఏపీఎఫ్ఎస్‌లో ఉండాలి. పెళ్లి ఫుటేజీ రెండు డిస్కుల మీద ఉన్నాకే కార్డు ఫార్మాట్ చేయండి, ఆ పెళ్లి మళ్లీ జరగదు.

తీరానికి దగ్గరి కొట్లలో ఉప్పుగాలి మెమరీ, గ్రాఫిక్స్ కార్డు కాంటాక్టులను తినేస్తుంది. వానాకాలం తర్వాత డెస్క్‌టాప్ స్టార్టు కాక బీప్ కొడితే ముందు మెమరీ తీసి, కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడే బాగుపడుతుంది. డెస్క్‌టాప్‌లో ఇది ఊళ్లోని మెకానిక్కే చేస్తాడు. మ్యాక్ మినీ పాడైతే అధీకృత సర్వీసు సెంటరుకే పోవాలి, కొనేముందు మీకు దగ్గరిది ఎక్కడుందో కనుక్కోండి. ఒకే మిషను మీద నడిచే కొట్టు మ్యాక్ కొంటే, అది సర్వీసుకు పోయిన వారం పని ఆగకుండా పాత విండోస్ డబ్బాలో రిజాల్వ్ వేసి, ప్రాజెక్టు లైబ్రరీని ప్రతి సాయంత్రం ఎగుమతి చేసి దాచుకోవాలి. రెండు మిషన్లలోనూ రిజాల్వ్ కూర్పు నంబరు ఒకటే ఉండేలా చూసుకోండి, కొత్త కూర్పులో తెరిచిన ప్రాజెక్టు పాతదాంట్లో తెరుచుకోదు.